కోర్టు గీతలకు రోడ్డు మార్కింగ్ పెయింట్: ఆరేళ్లు వాడాక

కడపలో ఒక ఉన్నత పాఠశాలలో పీఈటీగా పనిచేస్తున్నాను. మట్టి మీద ముగ్గుపిండితో గీతలు పోసుకున్నన్నాళ్లూ నాకు రంగులతో పని పడలేదు. ఆరేళ్ల కిందట బడి ఆవరణలో సగానికి సిమెంటు వేశారు. మిగతా సగంలో పాతకాలం నల్ల నాపబండలు ఉన్నాయి. సిమెంటు మీద వాలీబాల్ కోర్టు, బండల మీద ప్రార్థనకు తరగతుల వరుసలు గీయాలని నిర్ణయించుకున్నాం. సిమెంటు మీద వాలీబాల్ మోకాళ్లకు మంచిది కాదని తెలుసు. కానీ మాకు వేరే చోటు లేదు.

మొదటి ఏడాది తప్పు నాదే. సిమెంటు వేసి పట్టుమని పది రోజులు కాకముందే, కిటికీలకు వాడగా మిగిలిన ఎనామిల్ పెయింట్‌తో గీతలు వేయించాను. రెండు వారాలు కళకళలాడాయి. మూడో నెలలో ఒక గీత అంచు లేచింది. గోటితో పట్టి లాగితే జానెడు పొడవున ఉల్లిపొరలా ఊడి వచ్చింది. పొర వెనక తెల్లటి పిండి. కొత్త సిమెంటులో సున్నపు ఘాటు ఎక్కువ, అది ఎనామిల్‌లోని నూనెను సబ్బులా మార్చేస్తుంది. అందుకే పట్టు వదిలేసింది. ఏ రంగైనా సరే, సిమెంటు వేశాక కనీసం 28 రోజులు ఆగండి.

ఆ మరుసటి వేసవిలో పాత పొరంతా ఇనుప బ్రష్‌తో గీకించి, కడిగి, రెండు రోజులు ఎండనిచ్చి, రోడ్డు మార్కింగ్ పెయింట్ తెచ్చాను. క్లోరినేటెడ్ రబ్బర్ రకం, సున్నపు ఘాటుకు లొంగదు. డబ్బా మీద ఐఎస్ 164 (రోడ్డు మార్కింగ్ పెయింట్‌కు ఉన్న భారతీయ ప్రమాణం) అని ఉందో లేదో చూసి కొన్నాను. ఎంత కొనాలో తెలియక చాలామంది పెద్ద డబ్బా తెస్తారు. లెక్క వేసి చూడండి. చుట్టూ 54 మీటర్లు, నడిగీత 9, నెట్‌కు అటూ ఇటూ ఉండే అటాక్ గీతలు రెండు కలిపి 18, మొత్తం 81 మీటర్లు. గీత వెడల్పు 5 సెంటీమీటర్లు. అంటే రంగు పడేది నాలుగు చదరపు మీటర్లకు కాస్త పైన, అంతే. రెండు కోటింగులకు నాకు ఒక్క లీటరు సరిపోయింది.

రంగు కంటే కొలతకే ఎక్కువసేపు పడుతుంది, పట్టాలి కూడా. గీతల వెడల్పు 18 x 9 మీటర్ల లోపలే రావాలి, బయటికి పోకూడదు. మూలలు సరిగ్గా కుదిరాయా లేదా అన్నది కర్ణాలు, అంటే ఎదురెదురు మూలల మధ్య ఐమూలగా తీసే కొలతలు చెబుతాయి. రెండూ 20 మీటర్ల 12 సెంటీమీటర్లు రావాలి. మాకు మొదటిసారి ఒకటి 20.05, రెండోది 20.20 వచ్చింది. కంటికి కోర్టు చక్కగానే ఉంది, టేపు మాత్రం ఒప్పుకోలేదు. తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు టేపు పట్టుకుంటే, మేస్త్రి ఒక మూలను జరుపుతూ నాలుగుసార్లు దారం కొట్టాడు. రెండు కొలతలూ ఒకటయ్యాకే మాస్కింగ్ టేపు అంటించాం.

మా ఊరి ఎండ గురించి ఒక మాట. ఏప్రిల్‌లో పొద్దున పది గంటలు దాటాక రంగు వేయొద్దు. పైపొర ముందే ఆరిపోయి బుడగలు లేస్తాయి. సాయంత్రం నేల చల్లబడ్డాక వేసి, రంగు పచ్చిగా ఉండగానే టేపు లాగేయాలి. మరునాటికి వదిలేస్తే జిగురు నేలకే అంటుకుంటుంది, గీత అంచు కూడా చిరుగుతుంది.

సిమెంటు మీద ఆ గీతలు రెండేళ్లు చెక్కుచెదరలేదు. మూడో ఏడు నెట్ దగ్గర, పిల్లలు ఎగిరి దిగేచోట మాత్రం అరిగాయి. అక్కడ పైపైన ఒక కోటింగు వేస్తే సరిపోయింది. ఆ పని మీద నాకు పూర్తి తృప్తి ఉంది. కాంట్రాక్టర్లు రోడ్ల మీద కరిగించి పోసే థర్మోప్లాస్టిక్ గురించి కూడా అడిగి చూశాను. ఒక్క కోర్టు కోసం బండీ మంటా తెప్పించడం బడికి తలకు మించిన భారం.

అదే పెయింట్ నాపబండల మీద నన్ను ఏడిపించింది. ఎనిమిది నెలలకే రేకులు రేకులుగా లేచింది. "బండ నీళ్లే తాగదు సార్, రంగేం తాగుతాది" అన్నాడు మేస్త్రి. నిజమే, నున్నటి బండలో రంగు ఇంకడానికి చోటే లేదు. పైగా ఒక వానరోజు ఎనిమిదో తరగతి పిల్లాడు ఆ గీత మీద జారి మోచెయ్యి చీరుకుపోయింది. ఆ రోజు నుంచి తడిసిన గీతను చూస్తే నాకు భయమే. ఇప్పుడు ఎక్కడ వేసినా రెండో కోటింగు పచ్చిగా ఉండగానే జల్లించిన సన్న ఇసుక చల్లుతున్నాను. గాజుపూసలు చల్లమని దుకాణంలో చెబుతారు కానీ, అవి రాత్రి హెడ్‌లైట్లకు మెరవడానికి. బడి పిల్లలకు వాటితో పనిలేదు.

చివరికి బండల మీద వరుసగీతలు మానేశాం. మేస్త్రి చేత తిరగలికి గంట్లు పెట్టినట్టు, ఒక్కో పిల్లవాడు నిలబడేచోట అరచేయంత మేర ఉలితో గంట్లు పెట్టించి, ఆ గరుకు మీద తెల్ల చుక్కలు వేశాం. చెక్కడానికే నాలుగు రోజులు పట్టింది. రెండు వానాకాలాలు పోయాయి, ఒక్క చుక్కా లేవలేదు. ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలు కూడా ఎవరూ చెప్పకుండానే వెళ్లి వాటి మీద నిలబడుతున్నారు.