హన్మకొండల కొన్న అనాటమీ చార్టులు, మూడో షీటు చూసి తీస్కోండ్రి

మా చెల్లె ఈ ఏడు జీఎన్ఎం నర్సింగ్ కోర్సుల చేరింది. చేరిన వారానికే ఫోన్ చేసి అన్నా ఈ మీడియల్ ఏంది లాటరల్ ఏంది అంతా కలగాపులగమైతాంది అని ఏడ్సినంత పని చేసింది. నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ను, రోజూ నోట్లె నానే మాటలే గని ఫోన్ల చెప్తే ఎక్కుతలేదు, అందుకే చౌరస్తా దిక్కు ఒక షాపుల ఈ సెట్టు కొన్న. మూడు షీట్లు, లామినేషన్‌తోని 450.

మొదటి షీటు మస్తుంది. మనిషి నిటారుగ నిలబడి, అరిచేతులు ముందుకు తెరిచి, బొటనవేళ్లు బయటి దిక్కు పెట్టిండు. దీన్నే అనాటమికల్ పొజిషన్ అంటరు, పేషెంట్ బోర్ల పండుకున్నా పక్కకు తిరిగినా పేర్లు మాత్రం ఈ బొమ్మ లెక్కనే చెప్పాలె. ఒంటి నడిమి గీతకు దగ్గరున్నది మీడియల్, దూరమున్నది లాటరల్. అంటే బొటనవేలు ఎప్పుడైనా లాటరలే, చిటికెనవేలు మీడియలే. లివర్ ఏ దిక్కు అంటే చెల్లె తన కుడి చెయ్యి దిక్కున్న పక్క మీద వేలు పెట్టింది, అది బొమ్మకు ఎడమ! కుడి అంటే పేషెంట్ కుడి, మనది కాదు. ఫిల్మ్ చూసేటప్పుడు గూడ పేషెంట్ కుడి మన ఎడమ దిక్కు వస్తది, అందుకే మేం కుడి ఎడమ చెప్పే సీసం మార్కర్ పెట్టనిది ఎక్స్‌రే తియ్యం.

రెండో దాంట్ల కడుపును రెండు నిలువు గీతలు రెండు అడ్డగీతలతోని తొమ్మిది గడులు చేసిండ్రు. నాకు బాగ నచ్చింది ఇదే. నడుమ పైన ఎపిగాస్ట్రిక్, మనోళ్లు గుండెల్ల మంట అని చెయ్యి పెట్టి చూపెట్టేది ఎక్కువ ఆడనే. దానికి అటిటు పక్కబొక్కల కింద హైపోకాండ్రియం, గ్రీకుల హైపో అంటే కింద, కాండ్రోస్ అంటే కార్టిలేజ్, మెత్తటి బొక్క. నడుమ బొడ్డు కాడ అంబిలికల్, దాని పక్కల డొక్కలు లంబార్, పొత్తికడుపు హైపోగాస్ట్రిక్, దానికి రెండు దిక్కుల ఇలియాక్. పోయిన ఏడు బాపుకు రాత్రి బొడ్డు చుట్టు నొప్పి లేసి తెల్లారేటాలకు కుడి దిక్కు కిందికి దిగింది, అపెండిక్స్. అంబిలికల్ నుంచి రైట్ ఇలియాక్‌కు వచ్చిందన్నట్టు అని గడుల మీద వేలు జరిపి చూపెట్టిన, చెల్లె మళ్ల మర్సిపోలే.

ఇగ మూడో షీటు కాడ కోపమొచ్చింది. కాలు బొమ్మకు తొడ కాడ డిస్టల్ అని, పాదం కాడ ప్రాక్సిమల్ అని అచ్చేసిండ్రు. కాలు మొండెంకు అతికే కాడికి దగ్గరున్నది ప్రాక్సిమల్, దూరమున్నది డిస్టల్, మోకాలు చీలమండకు ప్రాక్సిమల్ అయితది. సదువుకునే పిల్లలు ఇదే నిజమనుకోని పరీక్షల రాస్తే ఎవరిది తప్పు? వాపస్ తీస్కపోతే ఇంకో నాలుగు విప్పి చూపెట్టిండు, అన్నీ అట్లనే. 100 వాపస్ ఇచ్చిండు. నేను తెల్ల ప్లాస్టర్ అతికిచ్చి మార్కర్‌తోని దిద్దిన. వెల్లకిల సుపైన్, బోర్ల ప్రోన్ బొమ్మలు గూడ లేవు, నర్సింగ్ పిల్లలకు అవి కావాలె.

ఐదుకు మూడున్నర ఇస్త. కొంటే మడతవెట్టింది వద్దను, చుట్టింది అడుగుండ్రి, మాది మడత కాడ లామినేషన్ అప్పుడే లేస్తాంది.