హోబోకెన్‌లో 70 డాలర్లు దండగ

న్యూయార్క్‌కి నది అవతల న్యూజెర్సీలో ఉన్న హోబోకెన్ వెళ్లేవాళ్లకు ముందే చెబుతున్నాను. 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్' సినిమా తీసిన చోట్లు చూపిస్తామని ఎవరైనా మనిషికి 35 డాలర్లు అడిగితే ఇవ్వకండి. నేనూ నాన్నా కలిపి 70 సమర్పించుకున్నాం.

నాన్న విశాఖ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. 1954లో వచ్చిన ఆ సినిమా అంటే ఆయనకి ప్రాణం. మాన్‌హట్టన్ నుంచి పాత్ రైల్లో మనిషికి 3 డాలర్లు, పావుగంటలో దిగిపోయాం. అంతవరకూ హాయిగానే ఉంది.

గైడు ఒక వీధిలో ఆపి, అన్నదమ్ముల టాక్సీ సీను ఇక్కడే తీశారన్నాడు. అది స్టూడియోలో తీసిన సీను! వెనక అద్దంలోంచి రోడ్డు కనిపించేలా చేసే ఏర్పాటు లేక, అక్కడ బ్లైండ్ వేలాడదీశారు. నాన్న ఆ సంగతి చెబితే "పొరపాటు పడ్డారు సర్" అని నవ్వేసి ముందుకు నడిచాడు. నాన్న మొహం మాడిపోయింది.

అదైనా సహించవచ్చు. గంటన్నరసేపు హీరో బ్రాండో గురించి, సినిమాకి వచ్చిన 8 ఆస్కార్ల గురించి చెప్పినవాడు అసలు సంగతి ఎత్తనే లేదు. దర్శకుడు ఎలియా కజాన్ 1952 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) కమిటీ ముందు, ఒకప్పుడు తనతో కమ్యూనిస్టు పార్టీలో ఉన్న ఎనిమిది మంది పేర్లు చెప్పాడు. కథ రాసిన షుల్‌బర్గ్ కూడా పేర్లు చెప్పినవాడే. అలా పేరు బయటపడినవాళ్లకి సినిమాల్లో పని దొరకడం కష్టమయ్యేది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి, రేవును ఏలే గూండా నాయకుడి మీద సాక్ష్యం చెప్పిన కూలీని హీరోని చేశారు. 1999లో కజాన్‌కి గౌరవ ఆస్కార్ ఇచ్చినప్పుడు కూడా చాలామంది చప్పట్లు కొట్టకుండా కూర్చుండిపోయారు.

"గూండా మీద సాక్ష్యం చెప్పడం, తోటివాళ్ల పొట్ట కొట్టడం ఒకటెలా అవుతాయమ్మా? సినిమా గొప్పదే, కానీ ఆ ఒక్క సంగతి నేను ఒప్పుకోను" అన్నారు నాన్న.

మీరే నడిచి చూడండి. సినిమాలో బయటి నుంచి కనిపించే చర్చి 'అవర్ లేడీ ఆఫ్ గ్రేస్', దాని ఎదుటి పార్కు, రెండూ ఉచితమే. పాత రేవులు మాత్రం ఇప్పుడు లేవు. పియర్ ఎ పార్కులో బెంచీ మీద కూర్చుని, 12 డాలర్లకు కొన్న తాజా మొజరెల్లా శాండ్‌విచ్ చెరిసగం తిన్నాం. పాలవాసన పోని జున్నులా ఉంది, కాగితమంతా తడిసిపోయింది. అప్పటికిగానీ నాన్న మనసు కుదుటపడలేదు.

తాతయ్య కళాసీగా ఉన్న రోజుల్లో మేస్త్రీ పనికి మనుషుల్ని ఎలా ఏరేవాడో నాన్న చూపించారు. చేయి చాచి, నది వైపు వేలు కదుపుతూ, "నువ్వు... నువ్వు... నువ్వు కాదు, వెనక్కెళ్లు."