పైన టాపెట్ కవర్ లేని అంబాసిడర్: ఏళ్ల వాడకం తర్వాత

బోనెట్ ఎత్తగానే ఎవరైనా అనే మాట ఒకటే: "ఇది దీని ఇంజను కాదు, ఎక్కడిదో తెచ్చి కూర్చోబెట్టారు." నెల్లూరు ఆటోనగర్‌లో వందల అంబాసిడర్లు విప్పిన మేస్త్రీ కూడా ముందు అదే అంటాడు. ఆయన చేతి మీదుగా పోయినవన్నీ 1489 సీసీ పెట్రోలువో, డీజిల్‌వో, చివర్లో వచ్చిన ఇసుజువో. వాటికి పైన టాపెట్ కవర్, అంటే వాల్వుల యంత్రాంగాన్ని కప్పే మూత ఉంటుంది. దీనికి ఉండదు. హెడ్డు, అంటే సిలిండర్ల మీది మూత, పీటలా చదునుగా ఉంటుంది, ప్లగ్గులు నాలుగూ దాని మీదే నిలబడి కనిపిస్తాయి. వాల్వులు హెడ్డులో కాకుండా బ్లాకులో, సిలిండర్ల పక్కన ఉంటాయి. అందుకే సైడ్ వాల్వ్ అంటారు.

నిజానికి ఇదే దీని అసలు ఇంజను. 1957లో బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ మొదలుపెట్టినప్పుడు పెట్టింది ఈ 1476 సీసీ సైడ్ వాల్వే. 1959లో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను వచ్చాక దీన్ని ఆపేశారు. ఆ రెండేళ్ల బండ్లలో కూడా చాలావాటికి తర్వాత కొత్తరకం ఇంజన్లు ఎక్కించేశారు. కాబట్టి మిగిలినవి అరుదు, చూసినవాళ్లు అంతకన్నా అరుదు.

అయితే ఒక చిక్కుంది. అంబాసిడర్‌కు ముందు ఇదే కంపెనీ రెండు కార్లు చేసింది. ల్యాండ్‌మాస్టర్‌కీ, అంతకుముందు హిందుస్థాన్ 14కీ ఈ 1476 ఇంజనే. అంటే మీ బండిలో ఉన్నది పుట్టుకతో వచ్చిందో, ల్యాండ్‌మాస్టర్ నుంచి దించిందో తేల్చుకోవాలి. ఆర్‌సీలో ఇంజను నంబరు, సీసీ, మొదటి రిజిస్ట్రేషన్ సంవత్సరం బ్లాకు మీది నంబరుతో కలిపి చూడండి. ఇంజను మౌంటింగుల దగ్గర కోసి వెల్డింగు పెట్టిన గుర్తులు ఉన్నాయేమో వేలితో తడమండి. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) కొలిచి మాత్రం ఏమీ తేల్చకండి. సైడ్ వాల్వ్ స్టాండర్డ్ బోరు 73.5 మి.మీ. 1489 ఇంజను బోరు 73.025. దాన్ని ఇరవై థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) బోరింగు చేస్తే అదీ 73.5కే వస్తుంది. స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) అబద్ధం చెప్పదు: ఇందులో 87, అందులో 88.9. బోరు ఇలా కలిసిపోవడంతోనే "డయా ఒకటే సార్, ఆ పిస్టన్లే పడతాయి" అని అమ్మేవాళ్లుంటారు. పిస్టనును కనెక్టింగ్ రాడ్డుకు కలిపే గడ్జన్ పిన్ను నుంచి పిస్టను తల దాకా ఎత్తు, పిన్ను సైజు పాతదానితో పక్కన పెట్టి కొలవకుండా డబ్బు ఇవ్వొద్దు.

నడకకొస్తే, 40 హార్స్‌పవర్‌కు కాస్త అటూ ఇటూ. గంటకు 50, 60 మధ్య హైవే మీద హాయిగా పోతుంది. 70 దాటిస్తే శబ్దం పెరిగినంతగా వేగం పెరగదు. లీటరుకు 9, 10 కి.మీ. వస్తే కార్బరేటర్ బాగున్నట్టే. దీని మెత్తదనం మాత్రం 1489కి లేదు. ఐడిలింగులో రాకర్ల చప్పుడే ఉండదు గనక ఆగిపోయిందేమో అనుకుని మళ్లీ సెల్ఫ్ కొట్టేవాళ్లను చూస్తాం. కంప్రెషన్ తక్కువ కావడంతో బ్యాటరీ దిగినా హ్యాండిల్‌తో అర చుట్టు లాగితే అందుకుంటుంది.

మన జిల్లాలతో దీనికి పడనిది వేడి. ఎగ్జాస్టు దారి బ్లాకు లోపలి నుంచే బయటికి వస్తుంది, ఆ వేడంతా నీళ్ల మీదే పడుతుంది. రోహిణి కార్తెలో ఒంగోలు నుంచి కావలి వస్తుంటే టోల్‌గేటు దగ్గర పది నిమిషాల క్యూ చాలు, నీళ్లు మరుగుతాయి. దీనికి అందరూ రేడియేటర్‌ను తిడతారు. తప్పు ఎక్కువగా బ్లాకుది. పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్లు ఏళ్ల తరబడి పోసిన బండ్లలో వెనక సిలిండర్ చుట్టూ సున్నంలా గార గట్టి ఉంటుంది. డ్రెయిన్ ట్యాపు పూర్తిగా విప్పి, ఆ రంధ్రంలోంచి గట్టి తీగతో పొడిచి, హోసు పైపు కింది నుంచి పైకి పెట్టి తేట నీళ్లు వచ్చేదాకా కడగాలి. తర్వాత డిస్టిల్డ్ వాటరు, అందులో మూడో వంతు కూలెంటు. ఇది చేయకుండా రేడియేటర్‌కు కొత్త కోర్ వేయిస్తే ఆ డబ్బు దండగ.

వేడి మీద ఆపి, మళ్లీ స్టార్టు కాకపోతే పెట్రోలు పైపులోనే ఆవిరైపోయినట్టు. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగండి. శాశ్వత మందు కావాలంటే పైపును ఎగ్జాస్టుకు దూరంగా తిప్పి, కార్బరేటర్ కింద మందపాటి వేడి ఆపే ప్యాకింగు పెట్టించాలి.

హెడ్డు దించడం ఇంత తేలికైన ఇంజను మరోటి లేదు. నట్లు విప్పితే పలక లేచి వస్తుంది, మసి గీకడం ఒక పూట పని. కష్టమంతా వాల్వుల దగ్గరే. టాపెట్ల సర్దుబాటు పక్క పలకలు విప్పి, వంగి, వేడి మానిఫోల్డు పక్కన ఫిల్లర్ గేజి దూర్చి చేయాలి. కాళ్లు నొప్పెట్టి "సరిపోయింది లే" అని వదిలేసేది ఇక్కడే. సందు తగ్గితే వాల్వు పూర్తిగా కూర్చోదు, ఎగ్జాస్టు వాల్వు కాలిపోతుంది. వాల్వులు తీసేటప్పుడు టాపెట్ గదిలో ఆయిలు దిగే రంధ్రాలన్నిటికీ ముందు గుడ్డ కుక్కండి. వాల్వును పట్టి ఉంచే చిన్న కాటర్ ఒకటి జారిందంటే కింది ఆయిలు సంపు దించాల్సిందే. 2000 నుంచి పెట్రోల్లో సీసం లేదు, సీట్లు మెల్లగా అరుగుతాయి. టాపెట్ సందు దానంతటదే తగ్గుతూ ఉంటే అర్థం అదే. సీట్లు బ్లాకులోనే ఉన్నాయి కాబట్టి గట్టి సీటు రింగులు వేయడానికి బ్లాకు మొత్తం మెషిన్ షాపుకు మోయాలి. ఎలాగూ బోరింగుకు దించినప్పుడే ఎగ్జాస్టు నాలుగింటికీ వేయించేయండి.

హెడ్డు బిగింపు మధ్యనుంచి బయటికి, మూడు విడతల్లో. 300 కి.మీ. తిరిగాక చల్లారినప్పుడు మరోసారి. ప్లగ్ గ్యాపు 25 థౌ, పాయింట్లు 15 థౌ. ఆయిలు 20డబ్ల్యూ-50 మినరలే, 2,500 కి.మీ.కి లేదా ఏడాదికి.

ఎస్‌యూ కార్బరేటర్‌కు ఇప్పటి ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు సరిపడదు. జెట్టు చుట్టూ ఉన్న కార్కు వాషర్లు కుంచించుకుపోయి కింద చుక్కలు కారుతుంది. ఏడాదికొకసారి మార్చుకోవడమే. ఇథనాల్ వల్ల మిశ్రమం పలచబడుతుంది కాబట్టి జెట్ నట్టును దాని ఆరు ముఖాల్లో ఒకటి రెండు ముఖాల మేర కిందికి తిప్పాలి. ఇంజను వేడెక్కాక కార్బరేటర్ లోపలి పిస్టనును ఒక మి.మీ. కన్నా తక్కువ ఎత్తి చూడండి: వేగం పెరిగి అలాగే ఉంటే చిక్కన, ఆగిపోబోతే పలచన, లేశం పెరిగి మామూలుకు వస్తే సరి. తీరం పక్క ఊళ్లలో నెలల తరబడి నిలిపే బండికి ట్యాంకు ఖాళీ చేయడం మంచిది. ఆ గాలిలోని చెమ్మకు ఇథనాల్ నీరు పీల్చుకుని అడుగుకు దిగుతుంది.

బ్యాటరీ కలిపేముందు బాడీకి ఏ టెర్మినల్ పోయిందో చూడండి. ఆ కాలపు బండ్లలో పాజిటివ్ ఎర్తు, అంటే బాడీకి ప్లస్ టెర్మినల్ ఉంటుంది. అలవాటుగా తిప్పి కలిపితే, తర్వాత పెట్టిన మొబైల్ ఛార్జరు, ఎల్‌ఈడీ బల్బులు ముందు పోతాయి.

ఇంత బాధ ఎందుకు, 1489 ఎక్కించేస్తే పోలా అనేవాళ్లకు: రోజూ తిరగడానికైతే నిజంగానే అది మేలు, ఆర్‌టీఓ అనుమతితో. కానీ 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ గుర్తింపు కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ. 20,000, పదేళ్లకు. తిరిగి చేయించుకుంటే రూ. 5,000. ఆ గుర్తింపు తీసుకున్నాక రోజువారీ పనులకు తిప్పకూడదు, ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

కొనే ఆలోచన ఉంటే హెడ్డు దింపించి చూసేదాకా బయానా ఇవ్వకండి. ఎగ్జాస్టు వాల్వు సీటుకూ బోరుకూ మధ్య సన్నటి గోడ ఉంటుంది. వేడికి పగిలేది అక్కడే. కిరోసిన్ రాసి, తుడిచి, ముగ్గుపిండి చల్లితే పగులు ఉంటే తడి గీత పైకి తేలుతుంది. గీత కనిపిస్తే హెడ్డు తిరిగి బిగించేసి వచ్చేయండి. ఈ బ్లాకు ఇంకొకటి దొరకడం చాలా కష్టం.