ఫైబర్ బోటులో చెక్క కుళ్లితే: ఎపాక్సీ పోయడమా, కోసి మార్చడమా?

ఫైబర్ బోటు కొన్నాక చెక్క గొడవ తీరిపోయిందనుకుంటాం. కానీ పాత బోట్లు చాలావాటిలో అడుగున పొడవునా దూలాల్లా వేసిన స్ట్రింగర్లు, ఇంజిను దిమ్మ, మోటారు తగిలించే అమరం పలక, వీటి లోపల చెక్కో ప్లైవుడ్డో ఉంటుంది. ఒక్క బోల్టు దగ్గర సీలెంటు ఊడినా నీళ్లు దిగుతాయి. చుట్టూ ఫైబర్ పొర ఉండటంతో ఆ తడి ఆరే దారి ఉండదు. ఈ విషయంలో సముద్రపు నీటికన్నా వాన నీరే చెడ్డది. కుళ్లబెట్టే ఫంగస్‌ను ఉప్పు కొంతైనా ఆపుతుంది. అందుకే కప్పు లేకుండా ఒడ్డున వదిలేసిన బోటు, రోజూ వేటకెళ్లే బోటుకన్నా ముందే పాడైపోవచ్చు.

చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్తే గట్టి చోట ఖంగుమంటుంది, కుళ్లిన చోట చప్పుడు మెత్తబడుతుంది. అనుమానం ఉన్నచోట సన్న బిట్టుతో డ్రిల్ చేసి చూడండి. పొట్టు నల్లగా, తడిగా వస్తే ఇక సందేహం అక్కర్లేదు.

చవగ్గా తేలే పద్ధతి, వరసగా రంధ్రాలు వేసి పల్చటి ఎపాక్సీ, అంటే హార్డెనర్ కలిపితే గట్టిపడే రెసిన్, పోయడం. ఒక్క రోజులో అయిపోతుంది కాబట్టి అందరికీ ఇదే నచ్చుతుంది. నాకు మాత్రం నమ్మకం లేదు. తడిసిన చెక్క రెసిన్‌ను పీల్చుకోదు. రంధ్రం చుట్టూ కాస్త గట్టిపడుతుంది, పక్కనే తడి, ఫంగస్ అలాగే ఉండిపోతాయి. బాగా ఆరిన చెక్కలో, ఒక స్క్రూ చుట్టూ అరచేతి మేర పాడైతే సరే, అంతకు మించితే డబ్బు దండగ.

కోసి తీయడమే మేలు అనుకుంటే, తర్వాతి ప్రశ్న లోపల ఏం పెట్టాలన్నది. ఇక్కడ స్ట్రింగర్‌కీ అమరం పలకకీ ఒకే జవాబు కుదరదు.

స్ట్రింగర్‌లో పైన వేసే ఫైబర్ పొరలు మందంగా ఉంటే బలమంతా వాటిదే. లోపలిది అచ్చులాంటిది. కాబట్టి పీయూ (పాలీయురేథేన్) ఫోమ్ పెట్టొచ్చు, అది కుళ్లదు. అయితే పాత బోటులో పొర పల్చగా ఉండి చెక్కే భారం మోసి ఉంటే, ఫోమ్ పెట్టినప్పుడు పొరలు పెంచి తీరాలి. చాలామంది దీన్నే మర్చిపోతారు.

అమరం పలక సంగతి వేరు. మోటారు బోల్టులు బిగిస్తే మామూలు ఫోమ్ నలిగిపోతుంది. గాజు పీచు కలిపిన గట్టి పీయూ బోర్డులు ఉన్నాయి గానీ ఖరీదెక్కువ. నేనైతే ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి భారత ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లై, 18 మి.మీ. షీట్లు రెండు ఎపాక్సీతో అతికించి వేయిస్తాను. బయటి పొరను కదపకుండా లోపలి నుంచే తెరిస్తే బోటు ఆకారం చెడదు. బోల్టు రంధ్రాలను ముందు పెద్దగా వేసి, ఎపాక్సీ చిక్కగా నింపి, గట్టిపడ్డాక అందులోనే సరైన సైజు రంధ్రం వేయాలి. అప్పుడు బోల్టు చెక్కను తాకదు. ఇంజిను దిమ్మకీ ఇదే పద్ధతి.

రెసిన్ విషయానికొస్తే, పాలియెస్టర్ చవక, కానీ చెక్కకూ పాత ఫైబర్‌కూ గట్టిగా పట్టుకోదు. ఎపాక్సీ పట్టుకుంటుంది. ఏది వాడినా పాత పొరను గ్రైండర్‌తో గరుకు చేయాల్సిందే, ముక్కుకు మంచి మాస్కు ఉండాల్సిందే. గాజు పీచు ముక్కలతో చేసే మామూలు చాప్డ్ మ్యాట్‌ను పట్టి ఉంచే బైండర్ (జిగురు) పాలియెస్టర్‌లోని స్టైరీన్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు. కాబట్టి ఎపాక్సీకి నేసిన గ్లాస్ క్లాత్ తీసుకోండి. చేతిలో డబ్బు తక్కువైతే అమరానికి ఎపాక్సీ, స్ట్రింగర్లకు పాలియెస్టర్ అని పంచుకోవడం నా దృష్టిలో సమంజసం.

మన తీరంలో ఈ పనికి వేట నిషేధ కాలం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, బాగా కలిసొస్తుంది. తెరిచిన చోటు ఎండకు త్వరగా ఆరుతుంది. అదే ఎండకు కలిపిన రెసిన్ డబ్బాలోనే బిగుసుకుపోతుంది కాబట్టి పొద్దున్నే, కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. పాలియెస్టర్‌కి ఎండను బట్టి, దాన్ని గట్టిపరిచే కేటలిస్టు కాస్త తగ్గించొచ్చు. ఎపాక్సీలో హార్డెనర్ పాళ్లు మాత్రం మార్చకూడదు.

ఒకవేళ స్ట్రింగర్లతో పాటు అడుగు పొరలు కూడా విడిపోయి, ఒడ్డున నిలబెట్టి కాలితో నొక్కితే లోపలికి వంగుతుంటే, ఈ ఖర్చేదీ పెట్టకండి. మోటారు విప్పుకుని వేరే బోటు చూసుకోండి.