గుజరాతీ గల్లీ సిమెట్రికల్ బోర్డు: డిజైన్ మంచిది, పవర్ ట్రాన్సిస్టర్లే అసలువి కావు

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో మొన్న జనవరిలో ఒక యాంప్లిఫయర్ బోర్డు కొన్నాను. 1,450 రూపాయలు. కవర్ మీద 300 వాట్స్, ఫుల్ సిమెట్రికల్ అని ఉంది. కంపెనీ పేరు ఎక్కడా లేదు. ఆరు పవర్ ట్రాన్సిస్టర్లు, అంటే 5200, 1943 జతలు మూడు, బిగించే ఇచ్చారు. నేను జనగామలో 26 ఏళ్లుగా టీవీలు, యాంపులు రిపేరు చేస్తున్నాను. ఊళ్లోవాళ్ల సెట్లన్నీ బాగు చేశాను కానీ, ఇంట్లో వినడానికి నాకంటూ ఒక పెద్ద యాంపు చేసుకోవాలన్న కోరిక ఇన్నాళ్లకు తీరింది. మా అన్న కొడుకు ఈసీఈ చదువుతున్నాడు, వాడూ తోడయ్యాడు. ఇలాంటి బోర్డు కొనాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

డిజైన్ సంగతికొస్తే, నాకు నిజంగా నచ్చింది. మామూలు బోర్డుల్లో ఇన్‌పుట్ దగ్గర ఒకే డిఫరెన్షియల్ జత, అంటే వచ్చే సిగ్నల్‌ని అవుట్‌పుట్ నుంచి తిరిగొచ్చే సిగ్నల్‌తో పోల్చే రెండు ట్రాన్సిస్టర్లు, ఉంటుంది. ఇందులో రెండు. పైన 5551 ఎన్‌పీఎన్ జత, కింద దానికి తిరగేసిన రకం 5401 పీఎన్‌పీ జత. అక్కడి నుంచి అవుట్‌పుట్ దాకా పై సగం ఎలా ఉందో కింది సగం అలాగే ఉంటుంది, అద్దంలో చూసినట్టు. సిగ్నల్ పైకి లేచినా కిందికి దిగినా దారి ఒకటే, వేగం ఒకటే. రెండు సగాలూ సరిగ్గా సరిపోతే రెండో హార్మోనిక్ (అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో పుట్టే అదనపు ధ్వని) లాంటి సరిసంఖ్య వక్రతలు, అంటే డిస్టార్షన్లు, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇది కొత్త ఆలోచనేం కాదు. అమెరికాలో జార్జియా టెక్ ప్రొఫెసర్ మార్షల్ లీచ్ 1976లో అచ్చు వేయించిన యాంప్లిఫయర్‌లోనూ ఇన్‌పుట్‌కి ఇలాగే రెండు జతలు ఉన్నాయి.

అయితే సర్క్యూట్ సిమెట్రికల్ అయితే సరిపోదు, వేసిన ట్రాన్సిస్టర్లు కూడా ఒకదానికొకటి కలవాలి. కొన్నప్పుడు అవుట్‌పుట్ దగ్గర డీసీ 46 మిల్లీవోల్టులు వచ్చింది, సిగ్నల్ లేనప్పుడు అది సున్నాకు దగ్గరగా ఉండాలి. పర్వాలేదు, కానీ నాకు మనసొప్పలేదు. 5551లు యాభై, 5401లు యాభై తెచ్చి ఒక సాయంత్రమంతా ఇద్దరం కూర్చుని మీటరులో గెయిన్ చూసి జతలు కట్టాం. అవి వేశాక 8 మిల్లీవోల్టులకు దిగింది. నూరు ట్రాన్సిస్టర్లకు అయిన ఖర్చు రెండొందలు కూడా దాటలేదు.

ఇక అసలు ఇబ్బంది. మొదటిసారి కరెంట్ ఇచ్చేటప్పుడు సిరీస్‌లో 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టాను. బల్బు భగ్గున వెలిగి మెల్లగా ఆరిపోయింది, అంటే షార్టు లేదు. బల్బు తీసేసి స్పీకర్ బదులు రెసిస్టర్ లోడు పెట్టి సౌండ్ పెంచుతూ పోయాను. నలభై వాట్ల దగ్గర టప్‌మని పేలింది. ఒక జత పోయింది. అప్పుడు స్పీకర్ కలిపి ఉంటే కాయిల్ కాలిపోయేది, ఎందుకంటే ఈ బోర్డులో స్పీకర్ ప్రొటెక్షన్ రిలే, అంటే అవుట్‌పుట్‌లో డీసీ వస్తే స్పీకర్‌ని విడగొట్టే స్విచ్, లేదు. 250 రూపాయలు పెట్టి ఆ రిలే బోర్డు విడిగా కొనుక్కోండి. అది లేకుండా స్పీకర్ కలపొద్దు.

మా వాడు వెంటనే, "బాబాయ్, మూడు జతలున్నాయి, నలభై వాట్లకే పోవడమేంటి?" అన్నాడు. నాకూ అదే అనుమానం. పోయిన ట్రాన్సిస్టర్‌ని పట్టుకారుతో పగలగొట్టాను. లోపల రాగి రేకు మీద చిప్పు పెసరగింజంత ఉంది. షాపులో ఒక పాత యాంపు నుంచి తీసిన అసలు 5200 ఉంటే దాన్నీ పగలగొట్టి పక్కన పెట్టాం. అసలుదాని చిప్పు దీనికి రెండింతల పైనే ఉంది. తోషిబా అసలు 5200 అంటే 230 వోల్టులు, 15 ఆంపులు, 150 వాట్లు తట్టుకునేది. పెసరగింజంత చిప్పు ఆ వేడిని ఎక్కడ భరిస్తుంది? మిగిలిన వాటి మీద దూదితో థిన్నర్ రుద్దితే అక్షరాలు చెరిగి దూదికి తెల్లగా అంటుకున్నాయి. అసలుదాని మీద అక్షరాలు అలాగే ఉన్నాయి.

బోర్డు అమ్మినతన్ని అడిగితే, "అన్నా, ఈ రేటుకు ఇవే వస్తాయి" అన్నాడు. ఆ మాట కొనకముందే చెప్పి ఉంటే నాకు బాధ ఉండేది కాదు. అక్షరాలు అచ్చు వేసి ఇంకోరి పేరుతో అమ్మడం మోసమే. అదే గల్లీలో ఇంకో షాపులో పెద్దాయన, నేను అడగకుండానే డబ్బా తెరిచి ఒక ట్రాన్సిస్టర్ పగలగొట్టి చూపించి, జత 420 చొప్పున ఇచ్చాడు. మూడు జతలు ఆయన దగ్గరే తీసుకున్నాను.

ఇంకో లోపం బయాస్ ట్రాన్సిస్టర్‌ది, అంటే పాట లేనప్పుడు కూడా పవర్ ట్రాన్సిస్టర్లలో పారే కాస్త కరెంట్‌ని అదుపు చేసేదానిది. అది హీట్‌సింక్‌ని తాకి వేడిని గమనిస్తూ కరెంట్ తగ్గించాలి. ఇందులో దాన్ని బోర్డు మధ్యలో నిలబెట్టారు. పవర్ ట్రాన్సిస్టర్ ఎమిటర్ కాలికి ఉన్న రెసిస్టర్ 0.22 ఓమ్, దాని మీద 11 మిల్లీవోల్టులు, అంటే 50 మిల్లీ ఆంపులు సెట్ చేశాను. పది నిమిషాలు పాట ఆడించేసరికి 40 మిల్లీవోల్టులకు ఎక్కింది, ఇంకా ఎక్కుతూనే ఉంది. ఆపేశాను. దాన్ని ఊడదీసి, మూడు వైర్లు పొడిగించి, మైకా ముక్క వేసి, హీట్‌సింక్ మీద పవర్ ట్రాన్సిస్టర్ల మధ్యలో బిగించాను. ఇప్పుడు గంట ఆడినా 10 నుంచి 13 మిల్లీవోల్టుల మధ్యే తిరుగుతుంది. అరగంట పని అది, తప్పకుండా చేసుకోండి.

పవర్ ఎంత వస్తుందో కూడా చెప్పాలి. 45-0-45, ఆరు ఆంపుల టొరాయిడ్ (గుండ్రటి ట్రాన్స్‌ఫార్మర్) చుట్టించాను. ప్లస్ మైనస్ 63 వోల్టులు వస్తాయి. 8 ఓమ్‌ల లోడు మీద ఆసిల్లోస్కోప్‌లో 52 వోల్టుల పీక్ దాకా వేవ్ గుండ్రంగా ఉంది, ఆ పైన తల తెగింది. లెక్క వేస్తే 169 వాట్లు. కవర్ మీది 300 కోసం 4 ఓమ్‌ల స్పీకర్ పెట్టాలని చూడకండి. మూడు జతలతో ఆ పని చేయించడం నాకు ఇష్టం లేదు, కనీసం ఐదు ఉండాలి. ఇంటికి 169 వాట్లు అంటే చాలా ఎక్కువే.

ఉగాది ముందు రోజు రాత్రి మొదటిసారి పాత 12 అంగుళాల బాక్సు కలిపాను. మా వాడు ఊళ్లో బీరప్ప పండగప్పుడు రికార్డు చేసిన ఒగ్గు డోళ్లు పెట్టాడు. సౌండ్ సగం కూడా పెంచలేదు. డోలు మీద కర్ర పడడం ఒకటి, పడ్డాక తోలు తిరిగి లేచే గుంయ్ ఇంకొకటి, రెండూ విడివిడిగా వినిపించాయి. నా పాత యాంపులో ఆ రెండూ కలిసి ఒకే దబ్ అయ్యేవి. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గడప దగ్గర నిలబడి ఆ ముక్క అయ్యేదాకా వింది.

ఇప్పుడున్నది ఒక ఛానెలే. రెండోదానికి ఇదే బోర్డు వచ్చే శనివారం తెస్తున్నాను. పవర్ ట్రాన్సిస్టర్లు లేకుండా ఖాళీ బోర్డు 900కు ఇస్తామన్నారు. ట్రాన్సిస్టర్లు పెద్దాయన దగ్గరే.