మూడో తరగతి నియమాల పుస్తకం, ఏడాది ఆచరణ: ఒక కథోలిక ప్రాథమిక పాఠశాలపై సమీక్ష

మా అమ్మాయి చదివిన కథోలిక ప్రాథమిక పాఠశాలలో విద్యా సంవత్సరం మొదలవగానే ప్రతి కుటుంబానికీ ఒక చిన్న పుస్తకం ఇస్తారు. తరగతిలో పిల్లలు ఎలా మెలగాలి, రోజు ఎలా మొదలై ఎలా ముగుస్తుంది, ఎవరైనా తప్పు చేస్తే ఏం జరుగుతుంది అన్నవి అందులో ఉంటాయి. ఈ సమీక్ష ఆ పుస్తకం గురించి, అందులో రాసిన మాట మూడో తరగతి గదిలో ఏడాది పొడవునా ఎంతవరకు నిలబడిందన్న దాని గురించి. పాఠశాల పేరు రాయడం లేదు. ఇలాంటి బడిలో పిల్లలను చేర్చాలనుకునే తల్లిదండ్రులకు ఏయే విషయాలు అడిగి తెలుసుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం. మొత్తం మీద ఈ తరగతి పట్ల నాకు మంచి అభిప్రాయమే ఉంది. అయితే ప్రార్థన, క్షమ అనే రెండు విషయాల్లో, అంటే కథోలిక పాఠశాల అన్న పేరుకు అర్థం చెప్పవలసిన చోట్లలోనే, బడి కొంత తడబడింది కాబట్టి వాటి గురించి ఎక్కువగా రాయవలసి వస్తోంది.

పుస్తకంలో నియమాలు ఐదే. మాట్లాడేవారి మాట చివరిదాకా వినాలి, ఎవరి మీదా చెయ్యి చేసుకోకూడదు, తరగతి వస్తువులను జాగ్రత్తగా వాడాలి, నిజం చెప్పాలి, తోటివారిని ఏడిపించకూడదు. దేవుడు మానవుని తన పోలికలో సృజించాడన్న బైబిలు ఆదికాండపు మాటను ఐదింటికీ ఆధారంగా ముందు పేజీలో పెట్టారు. ఎనిమిదేళ్ల పిల్లలకు గుర్తుండేది కూడా ఇంతే. ముప్పై నియమాల పట్టికలు గోడకు వేలాడదీసిన తరగతులు చూశాను. అవి పిల్లల కోసం కాక తనిఖీకి వచ్చేవారి కోసం రాసినట్టు ఉంటాయి.

నాకు బాగా నచ్చినది మొదటి వారాల పద్ధతి. పాఠాల వేగం తగ్గించి, ఉపాధ్యాయురాలు ఆ రోజుల్లో పిల్లలకు తరగతి నడవడికనే నేర్పించారు. గదిలోకి ఎలా రావాలి, సంచి ఎక్కడ తగిలించాలి, ఇంటిపని పుస్తకం ఏ ట్రేలో పెట్టాలి, గంట మోగేలోగా బోర్డు మీద రాసి ఉంచిన చిన్న పని ఎలా మొదలుపెట్టాలి, కుర్చీ చప్పుడు కాకుండా ఎలా జరపాలి, కాగితాలు వెనక వరుస దాకా ఎలా అందించాలి అన్నవన్నీ ఆమె ముందు తాను చేసి చూపి, తరువాత పిల్లలచేత చేయించి, సరిగా రాకపోతే కోప్పడకుండా మళ్ళీ చేయించారు. చదువు పోతోందని కొందరు తల్లిదండ్రులు అప్పట్లో గొణిగారు. ఆ గొణుగుడులో న్యాయం లేదు. ఎప్పుడు ఏం చేయాలో తెలిసిన పిల్లవాడు దాని కోసం ప్రతిసారీ ఎవరినీ అడగనవసరం లేదు, ఉపాధ్యాయురాలూ చెప్పిందే చెబుతూ గొంతు అరగదీసుకోనవసరం లేదు. మొదట్లో ఖర్చయిన గంటలు ఏడాది మధ్యలోకి వచ్చేసరికి తిరిగి వచ్చేశాయి.

ఆమె గొంతు చాలా తక్కువగా వాడతారు. చెయ్యి పైకెత్తితే నిశ్శబ్దం, రెండు వేళ్లు చూపితే వరుసలో నిలబడటం, చిన్న గంట ఒకసారి మోగిస్తే పని ఆపడం. ఇది ఈ మధ్య పుట్టిన పద్ధతి అనుకునేవారికి ఒక పాత విషయం గుర్తు చేయాలి. 1680లో ఫ్రాన్సులో క్రైస్తవ పాఠశాలల సోదరుల సంఘాన్ని ప్రారంభించిన పునీత (సెయింట్) జాన్ బాప్టిస్ట్ ద లసాల్ బడుల్లో ఉపాధ్యాయులు మాటలు తగ్గించి, సంజ్ఞలతోనూ సిగ్నల్ అనే చిన్న చేతి పరికరంతోనూ తరగతి నడిపేవారు. ఆ బడుల నిర్వహణ నియమాలు ఆయన మరణించిన మరుసటి ఏడాది, 1720లో అచ్చయ్యాయి. ఉపాధ్యాయులందరికీ పాలక పునీతుడిగా, అంటే వారికి అండగా నిలిచే పునీతుడిగా, ఆయనను 1950లో పన్నెండవ పయస్ పోపు ప్రకటించారు. మన దేవుని పవిత్ర సన్నిధిలో ఉన్నామని గుర్తు చేసుకుందాం అని పిలుపునిచ్చి, ఒక క్షణం ఆగే అలవాటు కూడా ఆ సంప్రదాయానిదే. ఈ తరగతిలో ఒక పని ముగించి మరో పని మొదలుపెట్టే ముందు ఆ మాట వినిపిస్తుంది. పిల్లల భుజాలు ఒక్కసారి సడలడం నేను స్వయంగా చూశాను.

ప్రార్థన వేళలు పుస్తకంలో స్పష్టంగా ఉన్నాయి. ఉదయం సిలువ గుర్తుతో మొదలుపెట్టి, పిల్లలు తమ మనవులు చెప్పుకుంటారు. జబ్బుపడిన అమ్మమ్మ దగ్గర నుంచి తప్పిపోయిన పిల్లి దాకా అన్నిటికీ చోటు ఉంటుంది, ఎవరూ నవ్వరు. మధ్యాహ్నం పన్నెండింటికి నిలబడి త్రికాల జపం (యేసు తల్లి మరియకు దేవదూత తెచ్చిన వార్తను తలచుకునే ప్రార్థన), భోజనానికి ముందు ఆశీర్వాద ప్రార్థన. పాస్కా కాలంలో, అంటే ఈస్టర్ తరువాతి వారాల్లో, త్రికాల జపానికి బదులు మరియతల్లిని స్తుతించే పరలోక రాణి స్తోత్రం చెప్పాలని ఇంట్లో నన్ను సరిదిద్దింది మా అమ్మాయే. సాయంత్రం బడి విడిచే ముందు, యేసుసభ (జెస్యూట్) స్థాపకుడు పునీత ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన ఆత్మశోధనను పిల్లలకు తగినట్టు కుదించి మూడు ప్రశ్నలుగా చేశారు: ఈ రోజు దేనికి కృతజ్ఞతలు చెప్పాలి, ఎక్కడ తప్పిపోయాను, రేపు ఏం చేస్తాను. జవాబు ఎవరూ పైకి చెప్పనక్కర లేదు, కాగితం మీద రాయనక్కర లేదు. ఆ గోప్యతను పాటించినందుకు ఈ తరగతికి ప్రత్యేకంగా మెచ్చుకోలు చెప్పాలి, ఎందుకంటే పిల్లల లోపలి మాటలను గోడమీద అతికించి ప్రదర్శించే తాపత్రయం బడుల్లో చాలా కనిపిస్తుంది.

లోపం కూడా ప్రార్థన దగ్గరే కనిపించింది. తరగతి గోలగా ఉన్నప్పుడు ఉపాధ్యాయురాలు హఠాత్తుగా మంగళవార్త జపం, అంటే మరియతల్లికి చేసే ప్రార్థన, అందుకునేవారు. పిల్లలు గొంతు కలిపేవారు, గోల ఆగేది. పని జరుగుతుందన్న మాట నిజమే కానీ, కొన్నాళ్లకు మా అమ్మాయి ఇంట్లో తమ్ముడి అల్లరి భరించలేక మంగళవార్త జపం మొదలుపెట్టడం విన్నప్పుడు ఆ పద్ధతి పిల్లలకు ఏం నేర్పుతోందో అర్థమైంది. మరియతల్లికి దేవదూత చెప్పిన శుభవార్త, నోరు మూసుకోండి అనే మాటకు మర్యాదైన రూపంగా మారిపోయింది. దీనిని తల్లిదండ్రుల సమావేశంలో ప్రస్తావించాను. ఆమె నొచ్చుకోలేదు, ముందు చెయ్యి ఎత్తి నిశ్శబ్దం తెప్పించి, ఆ నిశ్శబ్దంలో అవసరమైతేనే ప్రార్థన చెప్పడం అప్పటి నుంచి మొదలైంది. అయితే పుస్తకంలో ఈ తేడా ఎక్కడా రాయలేదు కాబట్టి మరో ఉపాధ్యాయురాలు వస్తే పాత అలవాటు తిరిగి వచ్చే అవకాశం ఉంది.

తప్పు జరిగినప్పుడు అనుసరించే క్రమం ఈ పుస్తకంలోని అన్నిటికంటే ఆలోచించి రాసిన భాగం. మొదట దగ్గరకు వచ్చి మెల్లగా ఒక గుర్తు చేయడం, తరువాత కాసేపు వేరే చోట కూర్చోబెట్టడం, ఆ తరువాత ఒంటరిగా మాట్లాడటం. ఆ మాటల్లో మూడు విషయాలు అడుగుతారు: ఏం జరిగింది, ఎవరికి బాధ కలిగింది, దాన్ని ఎలా సరిచేస్తావు. చించిన కాగితాన్ని అతికించడం, తిట్టిన స్నేహితుడికి ఆటలో తోడు నిలవడం వంటి పనితో అది ముగుస్తుంది. పశ్చాత్తాపం, ఒప్పుకోలు, పరిహారం అని పాపసంకీర్తనానికి, అంటే గురువు (ఫాదర్) దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, శ్రీసభ (కథోలిక సంఘం) చెప్పే క్రమానికి ఇది చాలా దగ్గరగా ఉంది, ఆ దగ్గరితనం కావాలని చేసినదే. పేద పిల్లల కోసం బడులు నడిపిన ఇటలీ గురువు పునీత జాన్ బోస్కో 1877లో తన నివారణ పద్ధతిని వివరిస్తూ, అది వివేకం, మతం, ప్రేమాదరణ అనే మూడింటి మీద ఆధారపడుతుందని రాశారు. పిల్లవాడు తప్పు చేశాక పట్టుకుని శిక్షించడం కంటే తప్పు చేయవలసిన అవసరం రాకుండా పక్కన ఉండటం ఆయన చెప్పిన దారి. విరామ సమయంలో ఈ ఉపాధ్యాయురాలు సిబ్బంది గదికి వెళ్లకుండా ఆటస్థలంలో పిల్లల మధ్య తిరుగుతూ ఉండటానికి కారణం అదే. పాపసంకీర్తనాన్ని శిక్షగా ఎన్నడూ వాడరాదని, గురువుతో ఏం చెప్పావని పిల్లవాడిని ఎవరూ అడగరాదని పుస్తకంలో విడిగా ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం రాసినవారికి పిల్లలూ తెలుసు, పెద్దల బలహీనతా తెలుసు.

ఇంత బాగా రాసి, అదే గదిలో గోడకు రంగుల పట్టిక ఎందుకు పెట్టారో మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాదు. పిల్లల పేర్లు రాసిన బట్టల క్లిప్పులు ఆకుపచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు దిగుతుంటాయి, గదిలోకి వచ్చిన ప్రతివారికీ కనిపిస్తాయి. ఒంటరిగా మాట్లాడి సరిచేసిన తప్పు సాయంత్రం దాకా గోడమీద వేలాడుతూ ఉంటే, క్షమించడం పూర్తయిందని పిల్లవాడు ఎలా నమ్ముతాడు? పైగా అదే గదిలోని ప్రార్థన బల్ల మీద క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలానికీ పాస్కాకు ముందు వచ్చే తపస్సు కాలానికీ ఊదా, క్రిస్మస్‌కూ పాస్కాకూ తెలుపు, పవిత్రాత్మ పండుగకూ విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షుల పండుగలకూ ఎరుపు, మిగిలిన సామాన్య కాలానికి ఆకుపచ్చ గుడ్డ మారుస్తూ పిల్లలకు శ్రీసభ రంగుల అర్థం ఓపికగా నేర్పుతున్నారు. వేదసాక్షి ఎరుపు రంగు ఈ గోడమీద అల్లరివాడి గుర్తయింది. నా మాటకు ఇక్కడ మార్పు రాలేదు. పట్టిక పాఠశాల అంతటికీ ఒకే విధానమని చెప్పారు.

వారానికొకసారి బడి పిల్లలంతా దివ్యబలిపూజలో (మాస్) పాల్గొంటారు. మోకరించడం, నిశ్శబ్దంగా వరుసలో నడవడం, వాక్యం చదివే పిల్లలకు ముందురోజు గుడిలోనే మైకు దగ్గర అభ్యాసం వంటివి చక్కగా జరుగుతాయి. వివేచన వచ్చిన వయసు, అంటే సుమారు ఏడేళ్లు, దివ్యసత్ప్రసాదానికి (పూజలో పవిత్రపరచి పంచే అప్పానికి) తగినదని 1910లో పదవ పయస్ పోపు కాలంలో వెలువడిన ఆదేశం చెప్పింది కాబట్టి, మూడో తరగతిలో చాలామంది దాన్ని స్వీకరిస్తున్నవారే. అయితే తరగతిలో కథోలికులు కాని పిల్లలు కూడా ఉన్నారు. వారి గురించి పుస్తకంలో ఉన్నది ఒకే వాక్యం: గౌరవంగా ఉండాలి. గౌరవంగా అంటే మోకరించాలా, నిలబడితే చాలా, సిలువ గుర్తు వేసుకోవాలా, సత్ప్రసాద వరుసలో చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని ఆశీర్వాదం అడగాలా, లేక తన చోటే కూర్చోవచ్చా? ఎనిమిదేళ్ల పిల్లకు ఇవి చాలా పెద్ద ప్రశ్నలు. మత విషయంలో ఎవరినీ బలవంతం చేయరాదని ప్రపంచ కథోలిక బిషప్పుల సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1965లోనే మత స్వేచ్ఛ ప్రకటనలో చెప్పింది. ఆ సూత్రాన్ని పిల్లకు అర్థమయ్యే నాలుగు వాక్యాలుగా రాయడం కష్టం కాదు. మా అమ్మాయి స్నేహితురాలు ఒకతె పక్కవారిని చూసి లేచి, వరుసలో సగం దూరం వెళ్లి, ఏం చేయాలో తెలియక వెనక్కి వచ్చింది. ఆ అయోమయానికి బాధ్యత ఆ పిల్లది కాదు.

ఇంటిపని, ఆలస్యంగా రావడం, పుట్టినరోజులు మొదలైన వాటికి నియమాలు మామూలుగానే ఉన్నాయి, ఇబ్బంది పెట్టవు. తరగతి బాధ్యతలు వారానికొకరికి మారుతాయి. ప్రార్థన నడిపించే పని చదువులో ముందున్న పిల్లలకే పరిమితం కాకపోవడం మంచి విషయం. ఉపాధ్యాయురాలు సెలవు పెట్టిన రోజుల్లో కూడా దినచర్య చెదరలేదు, వచ్చినవారికి పిల్లలే దారి చూపారు.

పుస్తకం చివరి పేజీలో ఒప్పందం ఉంటుంది. పిల్లలకు తల్లిదండ్రులే మొదటి, ముఖ్యమైన బోధకులన్న, అదే మహాసభ 1965లో వెలువరించిన క్రైస్తవ విద్యా ప్రకటనలోని మాటను దాని పైన ముద్రించారు, కింద పిల్లవాడి సంతకానికీ తల్లిదండ్రుల సంతకానికీ గీతలు గీశారు. ఉపాధ్యాయురాలి సంతకానికి చోటు లేదు. మేం అడిగితే ఆమె మా ప్రతి మీద అంచున సంతకం చేసి ఇచ్చారు. అచ్చు ప్రతిలో ఆ గీత చేర్చడానికి ప్రధానోపాధ్యాయురాలైన సిస్టర్ ఒప్పుకున్నారు.