యోంగాలా డైవ్: ఆల్వా బీచ్ నుంచా, టౌన్స్‌విల్ నుంచా?

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరంలో, 1911 మార్చి 23న తుపానులో 122 మందితో మునిగిన స్టీమరు యోంగాలా. ఒక్కరూ బతకలేదు. 1958లో డైవర్లు దాన్ని కనుగొన్నారు.

ఆ ఓడ దగ్గరికి డైవ్ చేయాలంటే, పడవ ఎక్కడెక్కాలన్నది ముందు తేల్చుకోవాలి. టౌన్స్‌విల్‌లో హోటళ్లూ విమానాశ్రయమూ చేరువే గానీ, సముద్రం మీద వెళ్లడానికే మూడు గంటలు పట్టొచ్చు. ఆల్వా బీచ్ నుంచైతే అరగంటే. కడుపులో తిప్పేవాళ్లకు ఇదే మేలు. బస పక్కనున్న అయిర్‌లో దొరుకుతుంది, టౌన్స్‌విల్‌కు 90 కిలోమీటర్లు. ఇక్కడ పడవ ఇసుక ఒడ్డు నుంచే నీళ్లలోకి దిగుతుంది కాబట్టి గాలి ముదిరితే ట్రిప్పు రద్దే. ఒక రోజు అదనంగా పెట్టుకోండి. డైవ్‌లు అయ్యాక విమానం ఎక్కడానికి 18 గంటలు ఆగాలన్నదీ లెక్కలో వేసుకోండి.

109 మీటర్ల ఓడ కుడివైపుకు ఒరిగి పడుంది. పైభాగం దాదాపు 15 మీటర్ల లోతున, అడుగున ఇసుక 30 మీటర్లకు దగ్గర్లో. లోతు డైవింగ్ నేర్పే అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ లేకుండా వెళ్లడం దండగ. గాలి లెక్క చూడండి: నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 25 మీటర్ల దగ్గర 70 లీటర్లు ఖర్చవుతాయి. 12 లీటర్ల సిలిండరులో 200 బార్ (గాలి పీడనపు కొలత) ఉంటే, 50 బార్ ఆపద్ధర్మానికి మినహాయించి మిగిలేది 1800 లీటర్లు, అంటే పాతిక నిమిషాలు. 32 శాతం నైట్రాక్స్ (ఆక్సిజన్ పాళ్లు పెంచిన గాలి) తీసుకుంటే నైట్రోజన్ పరిమితి, అంటే ఒంట్లో నైట్రోజన్ మితిమీరకుండా లోతున ఉండగల సమయం, పెరుగుతుందే తప్ప ఈ గాలి లెక్క మారదు. చాలామంది తడబడేది ఇక్కడే.

ఇంకో ఇబ్బంది ప్రవాహం. మూరింగ్ తాడు (పడవను కట్టేసే తాడు) వదిలితే చుట్టూ పట్టుకోవడానికి ఇంకేమీ ఉండదు, నడి సముద్రం. తాడు పట్టుకునే దిగి, ఓడ చాటున ఈదుతూ, 100 బార్ దగ్గర వెనక్కి తిరిగి, అదే తాడు మీద 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగండి. గాలి నింపుకునే సిగ్నల్ ట్యూబు జేబులో ఉండాలి. తాడు తప్పితే పడవవాళ్లకు కనబడేది అదే.

లోపలికి వెళ్లడం నిషేధం, ముట్టుకోవడమూ కూడదు. మన బుడగలు లోపల చిక్కుకుంటే ఇనుము తుప్పు పట్టడం వేగమవుతుంది. పైగా అందులో మనుషుల అవశేషాలున్నాయి. బయటే కావలసినంత ఉంది: గ్రూపర్లనే పెద్ద చేపలు, తాబేళ్లు, ఆలివ్ సముద్రపు పాములు. పాములు దగ్గరికొచ్చి వాసన చూస్తాయి, చేతులు కదపకుండా ఉంటే వెళ్లిపోతాయి.